పెద్ద కళ్ళ బొమ్మలూ, మా ఇంటి డ్రాయింగు పుస్తకాలూ

అనిమే చూసే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ళ నోట రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. మొదటిది, "అవేం బొమ్మలే, సరిగ్గా కదలనైనా కదలవు, నోరొక్కటే ఆడుతుంది" అని. రెండోది, పిల్లలు ఆ బొమ్మల్ని చూసి పుస్తకంలో గీసుకుంటుంటే, "చూసి గియ్యడం ఏం గొప్ప, సొంతంగా ఏదైనా వెయ్యరాదూ" అని. మా ఇంట్లో ఆరేళ్ళుగా ఈ రెండూ వింటున్నాను. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, ప్రేమగానే అంటారు. కానీ రెండూ సరైన మాటలు కావని నా అభిప్రాయం. ఎందుకు కావో ఇవాళ తీరిగ్గా చెప్పాలనిపించింది.

ముందే చెప్పేస్తున్నాను, ఈ విషయంలో నేను మధ్యవర్తిని కాదు. పిల్లలు ఏం చూస్తున్నారో కనిపెడదామని పక్కన కూర్చున్నదాన్ని, ఇప్పుడు వాళ్ళు పడుకున్నాక కూడా చూస్తున్నాను. మా వారైతే "పిల్లలకి అలవాటు తప్పింది, నీకు పట్టుకుంది" అంటారు. కాబట్టి ఇది అభిమాని మాటే అనుకుని చదవండి.

మొదటి మాట సంగతి చూద్దాం. బొమ్మలు కదలవు అన్నది నిజమే. ఎందుకు కదలవో తెలిస్తే మాత్రం ఆ మాట అనబుద్ధి కాదు.

సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకీ ఒక బొమ్మ చొప్పున గీస్తే 22 నిమిషాల ఎపిసోడుకి 31,680 బొమ్మలు కావాలి. వారానికొక ఎపిసోడంటే ఎవరి వల్లా అయ్యే పని కాదు. 1963 జనవరి 1న జపాన్ టీవీలో ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్' మొదలుపెట్టినప్పుడు ఆయనకి ఎదురైన చిక్కు ఇదే. చానెల్ ఇచ్చే డబ్బు ఖర్చుకి చాలదు, మనుషులు తక్కువ, వారం తిరిగేసరికి ఎపిసోడు చేతికివ్వాలి. అందుకని ఒక్కో బొమ్మని మూడేసి ఫ్రేములు నిలిపారు. అంటే సెకనుకి ఎనిమిదే బొమ్మలు. మాట్లాడేటప్పుడు మొహమంతా మళ్ళీ గీయకుండా నోరు మాత్రం మార్చారు. ఒకసారి గీసిన పరుగునీ, ఎగరడాన్నీ దాచిపెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడారు.

ఇది చదవగానే నాకు నవ్వొచ్చింది. నెలాఖరులో మనం చేసే పని కాక ఇదేవిటండీ? రాత్రి మిగిలిన అన్నం పొద్దున్న పులిహోర అవుతుంది. చుట్టాలొస్తే గుత్తివంకాయ ఘనంగా చేసి, చారూ అప్పడాలతో మిగతాది సర్దేస్తాం. చాలనప్పుడు అన్నిట్లోనూ కాస్త కాస్త కోసుకుంటే ఏదీ రుచిగా ఉండదు. ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ సర్దుకోవాలో తెలియడమే పనితనం. మంచి అనిమేలో ఉన్నదీ అదే. ఐదు నిమిషాలు బొమ్మల్ని నిలబెట్టి మాట్లాడించి, అలా మిగిల్చుకున్నదంతా ఒక్క పోరాటం మీదో, ఒక్క ఏడుపు మీదో కుమ్మరిస్తారు.

కొందరైతే ఆ కదలకపోవడాన్నే కథకి వాడుకున్నారు. 1995లో మొదలైన 'ఇవాంజెలియన్' సీరియల్లో ఇద్దరమ్మాయిలు లిఫ్టులో వెళ్తుంటారు. ఇద్దరికీ పడదు. దాదాపు ఒక నిమిషం పాటు తెర మీద ఏమీ కదలదు, లిఫ్టు చప్పుడు తప్ప. ఖర్చు పరంగా అంతకంటే చవకైన సీను ఉండదు. కానీ మాటల్లేని ఇద్దరు తోడికోడళ్ళతో ఎప్పుడైనా లిఫ్టెక్కి ఉంటే ఆ నిమిషం ఎంత పొడుగో మీకే తెలుస్తుంది.

డబ్బూ సమయమూ ఉన్నప్పుడు వాళ్ళు ఏం చేస్తారన్నది కూడా చూడాలి. హయావో మియజాకి 2013లో తీసిన 'ది విండ్ రైజెస్'లో భూకంపం వచ్చాక జనం గుంపులుగా కదిలే దృశ్యం ఒకటుంది. నాలుగు సెకన్లు. దానికి ఒక ఆర్టిస్టుకి ఏడాదీ మూడు నెలలు పట్టింది. ఆయనే తీసిన 'స్పిరిటెడ్ అవే'లో చిహిరో బూట్లు తొడుక్కుని, ముని వేళ్ళు నేలకేసి టపటపా కొట్టి సరిచేసుకుంటుంది. కథకి ఆ ముక్క అక్కర్లేదు. కానీ బడికెళ్ళే పిల్ల ప్రతిదీ గుమ్మంలో చేసే పనే అది. పిల్లల్ని కళ్ళు పెట్టి చూసినవాడు తప్ప ఇంకొకడు గీయలేడు. ఇలాంటి చోట్ల కథ ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆ ఖాళీని జపాను భాషలో 'మా' అంటారు. మన 'మా'కీ దానికీ సంబంధం లేదు గానీ, నాకెందుకో ఆ మాట మన ఇంట్లోదే అనిపిస్తుంది.

ఇక పెద్ద పెద్ద కళ్ళు. "జపానువాళ్ళ కళ్ళు అలా ఉండవు కదా" అని మా అత్తగారు అడిగారు. మంచి ప్రశ్న. తెజుకా చిన్నప్పటి నుంచి అమెరికా కార్టూన్లకి వీరాభిమాని. డిస్నీ 'బాంబీ'ని పదుల సార్లు చూశాడు. ఆ బొమ్మల కళ్ళే ఆయన చేతిలోకి వచ్చాయి, ఆయన నుంచి తరవాతి తరాలకి వెళ్ళాయి. అంటే మనం జపాను స్టైలు అంటున్నది ఒక అభిమాని తనకి నచ్చిన బొమ్మల్ని చూసి గీసుకోవడంతో మొదలైందన్నమాట. చూసి గియ్యడం ఏం గొప్ప అనేవాళ్ళకి నా మొదటి జవాబు ఇదే.

రెండో జవాబు మన ఇళ్ళల్లోనే ఉంది. మా పిన్ని పెళ్ళి కాకముందు వారపత్రికల్లో వచ్చిన బాపు బొమ్మలు చూసి కార్డుల మీద వేసేది. వాలుజడ, నడుం మీద బిందె, కాటుక కళ్ళు. సంక్రాంతికి ఊళ్ళో సగం మందికి ఆ గ్రీటింగులే వెళ్ళేవి. చందమామలో వపా గారి అట్టమీద బొమ్మల్ని గళ్ళు గీసుకుని పెద్దవి చేసిన అన్నయ్యలు ఎంతమంది లేరు? పెళ్ళి శుభలేఖల మీద, ఇంటి గోడల మీద బాపు గారి గీతని అనుకరించని ఊరుందా? అప్పుడు దాన్ని కాపీ అని ఎవరూ కొట్టిపారెయ్యలేదు. "అచ్చం బాపు బొమ్మలా వేసిందే" అని మెచ్చుకున్నారు. ఫ్యాన్ ఆర్ట్ అనే పేరు లేదంతే.

జపానులో దీనికి పెద్ద సంతే ఉంది. 1975 డిసెంబరులో టోక్యోలో కామిక్ మార్కెట్ అని మొదలుపెడితే సుమారు 700 మంది వచ్చారు, అందులో ఎక్కువమంది బడి చదువుల ఆడపిల్లలు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు లక్షల్లో వస్తున్నారు. తమకి నచ్చిన పాత్రలతో సొంతంగా బొమ్మల కథలు వేసుకుని, అచ్చు వేయించి అక్కడ అమ్ముకుంటారు. 'కార్డ్‌క్యాప్టర్ సకురా' గీసిన క్లాంప్ అనే ఆడవాళ్ళ బృందం అలాంటి అభిమాన పుస్తకాల నుంచి పైకొచ్చినదే.

ఇల్లాళ్ళకి సంబంధించిన ముచ్చట ఇంకొకటి. క్యోటో యానిమేషన్ అని ఎంతో పేరున్న స్టూడియో ఉంది. దాన్ని 1981లో మొదలుపెట్టింది యోకో హత్తా అనే ఆవిడ. పెళ్ళికి ముందు తెజుకా స్టూడియోలో రంగులు వేసేవారు. పెళ్ళయి క్యోటో వైపు వచ్చేశాక, ఇరుగుపొరుగు ఇల్లాళ్ళని పోగేసి, పెద్ద స్టూడియోల బొమ్మలకి రంగులు వేసే పని చేయించారు. మన దగ్గర అప్పడాలూ వడియాలూ చేసే మహిళా సంఘాల్లా అన్నమాట. ఆ స్టూడియో గీతలో గిన్నెలు కడిగే చేతులూ, కిటికీలోంచి పడే ఎండా అంత శ్రద్ధగా ఉండటం చూస్తే నాకు ఆ మొదటి రోజుల ఆడవాళ్ళు గుర్తొస్తారు.

అభిమానంతో గీసిన బొమ్మ దేశం దాటి మన దాకా వచ్చిన సందర్భమూ ఉంది. యూగో సాకో అనే జపాను ఆయన రామాయణం మీద మనసు పడి, మన రామ్‌మోహన్ గారితో కలిసి 1990ల మొదట్లో అనిమే రామాయణం తీశాడు. అది 2025 జనవరిలో తెలుగులో కూడా థియేటర్లకి వచ్చింది. పరాయి కథని ప్రేమించి తన గీతలో వేసుకోవడం తప్పైతే, ఆ రాముణ్ణి చూసి మా అత్తగారు చేతులు జోడించి ఉండేవారు కాదు.

ఇంతకీ ఇదంతా రాయడానికి కారణం మా అమ్మాయి. ఆరో తరగతి నుంచి గీస్తోంది. 2025 మార్చిలో అందరూ ఫోటోల్ని 'జిబ్లీ' బొమ్మలుగా మార్చుకున్న రోజులు గుర్తున్నాయి కదా? మా కుటుంబం వాట్సాప్ గ్రూపు ఆ వారమంతా వాటితోనే నిండిపోయింది. అప్పటికి మా అమ్మాయి వాళ్ళ నాయనమ్మ బొమ్మని అదే స్టైల్లో వేస్తోంది. వాళ్ళ బాబాయి అదే ఫోటోని మార్చి పెట్టి, "నువ్వు వారం నుంచి కుస్తీ పడుతున్నావు, నాకు పది సెకన్లలో వచ్చేసింది చూడవే" అని నవ్వాడు. సరదాకే అన్నాడు. కానీ పిల్ల పుస్తకం మూసేసింది. "ఇంక ఎందుకమ్మా గీయడం, మీట నొక్కితే వస్తోందిగా" అంది. రెండు నెలలు పెన్సిలు ముట్టలేదు.

దాని ప్రశ్న చిన్నదేం కాదండీ. అదీ చూసి గీసేదే, యంత్రమూ చూసి గీసేదే. ఇద్దరూ అడక్కుండానే మియజాకి గారి గీత తీసుకున్నారు. మరి ఒకటి ముద్దూ, ఇంకొకటి తప్పూ ఎలా అవుతుందని ఎవరైనా అడిగితే "మా పిల్ల కాబట్టి" అంటే చెల్లదు కదా.

నాకు తోచిన తేడా చెబుతాను. ఆ ఫోన్లో వచ్చిన బొమ్మలో మా అత్తగారు పదిహేనేళ్ళు చిన్నగా ఉన్నారు. రెండు ముక్కుపుడకల్లో ఒకటి మాయమైంది. ఊడిన పన్ను తిరిగొచ్చింది. చూడ్డానికి బాగుంది, ఎవరి అత్తగారైనా అయ్యుండొచ్చు. మా అమ్మాయి సగంలో ఆపేసిన బొమ్మలో చెయ్యి కొంచెం వంకరగా ఉంది. కానీ పమిట కొంగు వేలికి చుట్టుకునే అలవాటు అందులో ఉంది. అది ఫోటోలో లేదు. పన్నెండేళ్ళు పక్కన పడుకుని కథలు విన్న పిల్లకే తెలుసు. స్టైలు మాత్రం ఇద్దరూ అరువు తెచ్చుకున్నదే. చూపు మాత్రం పిల్లది.

2016లో ఒక డాక్యుమెంటరీలో మియజాకి గారికి కంప్యూటరు నేర్చుకుని కదిలించిన ఒక వికృతమైన శరీరాన్ని చూపించారు. ఆయన మండిపడ్డారు. వైకల్యంతో బాధపడే తన స్నేహితుణ్ణి గుర్తు చేసుకుని, నొప్పి అంటే తెలియకుండా చేసిన పని ఇది అన్నట్టు మాట్లాడారు. ఆ రోజు చూపించింది ఈ ఫోటో బొమ్మలు కావు, రెండిటినీ కలిపేసి ప్రచారం చేయడం సరి కాదు. కానీ ఆయన కోపానికి కారణం ఇక్కడా వర్తిస్తుందని నాకనిపిస్తుంది. ఎదుటి మనిషిని చూడకుండానే బొమ్మ వచ్చేస్తోంది.

అందుకని గ్రూపులో బొమ్మలు మార్చుకునే పిన్నులనీ బాబాయిలనీ నేను తప్పు పట్టను. పండక్కి మిఠాయి కొట్లో కొనుక్కున్నట్టే అది. కొన్న సున్నుండలు చూపించి, ఇంట్లో చుట్టే పిల్లని ఎగతాళి చెయ్యకండి అనే నా మనవి.

గీసే పిల్లలకీ మా ఇంట్లో మూడు నియమాలున్నాయి. ఎవరి పాత్రని వేశారో వాళ్ళ పేరు కింద రాయాలి. కాగితం పైన పెట్టి దిద్దింది నేర్చుకోవడానికే, దాని కింద సొంత సంతకం పెట్టకూడదు. డబ్బుకి అమ్మకూడదు. జపానులో అభిమాన పుస్తకాలు అమ్ముతారుగా అని మా అమ్మాయి వాదిస్తుంది. అక్కడ హక్కుదారులు చాలామంది చూసీ చూడనట్టు ఊరుకుంటారు, అది హక్కు కాదు అని నేనంటాను. ఈ వాదన ఇంకా తెగలేదు.

ఇప్పుడు మళ్ళీ గీస్తోంది. నేను ఉపన్యాసమేం ఇవ్వలేదు. మా అత్తగారే ఒకరోజు అడిగారు, "నా బొమ్మ సగంలో వదిలేశావేమే, రెండో ముక్కుపుడక పెట్టవూ?" అని.

మీ ఇంట్లోనూ పెద్ద కళ్ళ బొమ్మలతో నిండిన నోటుపుస్తకం ఒకటి ఉండే ఉంటుంది, లెక్కల పుస్తకం వెనక పేజీల్లోనైనా. "ఇది దేనికి పనికొస్తుంది" అని అడిగే ముందు ఒకసారి తెరిచి, ఇదెవరు, ఎందుకేడుస్తోంది అని అడిగి చూడండి. ఆ కథ చెప్పడానికి వాళ్ళకి అరగంట పడుతుంది. పొయ్యి మీద ఏమీ పెట్టకుండా కూర్చోండి.