తోట దాటిన కంప

కృష్ణగిరి జిల్లాలోని మన పోచంపల్లి చుట్టూ కొత్త లేఅవుట్లు లేస్తున్నాయి. గోడల వెంట, గేట్ల ముందు నేలను కప్పే పొదలు కావాలని నర్సరీలకు వెళ్లేవాళ్లకు తరచుగా చూపించే మొక్క ఊదాపూల పాకుడు లాంటానా. సముద్రతీరపు తోటల్లో దానికి మంచి పేరుంది. ఉప్పుగాలికి మాడదు, ఇసుకలో బతుకుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, కొమ్మ నేలకు తగిలినచోటల్లా వేరుపోసుకుని పాకుతుంది. సముద్రం కనిపించని మన మెట్టనేలకూ ఆ గుణాలే చెప్పి అమ్ముతున్నారు. దయచేసి దాన్ని నాటకండి.

దాని అక్కను చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఎర్రగా, పసుపుగా పూసే లాంటానాను తెలుగునాట తలంబ్రాల చెట్టనీ, పులికంపనీ అంటారు, మన పక్కింటి తమిళుల నోట అది ఉన్నిచ్చెడి. పుట్టిల్లు అమెరికా ఖండాల ఉష్ణమండలం. పూల కోసమని 19వ శతాబ్ది మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చారు. పిట్టలు పండు తిని గింజను అడవికి చేర్చాయి. మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా అది ఆక్రమించిందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. కంప కమ్మినచోట గడ్డి మొలవదు. డెంకణికోట, అంచెట్టి వైపు ఏనుగులు రాగిచేలమీద పడడానికి ఇదొక్కటే కారణమని అనను గానీ, మేత తరిగిపోయిన అడవి వాటిని లోపల ఎలా నిలుపుకుంటుంది?

పోచంపల్లి సంతలో అప్పుచేసి ఆవును కొన్న రైతుకు ఇది ఇంకా దగ్గరి సంగతి. లాంటానా ఆకులో లాంటాడీన్ అనే విషం ఉంది. కరువునాడు వేరే పచ్చిమేత దొరక్క మేసిన పశువుకు కాలేయం దెబ్బతింటుంది, కళ్లు పచ్చబడతాయి, ఎండ తగిలితే చర్మం, ముఖ్యంగా తెల్లమచ్చల దగ్గర, కాలినట్టు ఊడుతుంది. పాకుడు రకం మంచిదనుకోవద్దు. మేతబీళ్లను కమ్మేస్తోందని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో దాన్ని అమ్మడమే కాదు, ఊరికే ఇవ్వడాన్ని కూడా నిషేధించారు. గింజ పెద్దగా కట్టదంటారు అమ్మేవాళ్లు. కట్టకపోయినా, కత్తిరించి గోడవతల పారేసిన కొమ్మకు ఒక్క తడి చాలదా?

పరాయి మొక్కంటేనే చెడ్డదని నా వాదన కాదు, సొంతచోట ఒద్దికగా ఉన్నదే పరాయిచోట పట్టు తప్పవచ్చంటున్నాను. మనం జలుబుకు ఆవిరి పట్టుకునే వావిలికి తీరపు ఇసుకలో పాకే చుట్టం ఒకటుంది. ఆసియా తీరాల్లో అది ఒద్దికగానే ఉంటుంది. అమెరికాలోని కరొలైనా రాష్ట్రాల్లో 1980ల నడుమ దాన్ని తీరపు తోటలకు తెచ్చారు, 1989 నాటి హ్యూగో తుపాను తర్వాత ఇసుకదిబ్బలు నిలబెట్టడానికీ నాటారు. కొన్నేళ్లకే అక్కడి సొంత గడ్డిని నొక్కేసి, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకమీద పరుచుకుంది. తీరాన్ని కాపాడుతుందని నాటినదాన్నే పెరికించాల్సి వచ్చింది.

మరి మన గోడ వెంట ఏం నాటాలి? నేనైతే వాక అంటాను. ఏడాదంతా పచ్చని ఆకు, మల్లెవాసన వేసే తెల్లపూలు, పప్పులోకీ ఊరగాయకూ పుల్లని కాయ. రాతినేల, నీటి కొరత దానికి కొత్తకావు, కొద్దిపాటి ఉప్పునేలనూ ఓర్చుకుంటుంది. తొలకరిలో మీటరు ఎడంగా నాటి, మొదటి ఏడాది నుంచే తలలు తుంచితే ఎత్తుకు పోకుండా పక్కలకు గుబురుకడుతుంది. ముల్లుంది కాబట్టి పిల్లలు ఆడేచోటికి దూరంగా పెట్టాలి. తీరాన ఇల్లు కట్టుకున్నవాళ్లకు మేకడెక్క ఆకుల తీగ, రావణాసురుడి మీసాల గడ్డి ఆ ఇసుకలోనే ఉన్నాయి. చదును చేసేటప్పుడు వాటిని పెరికేయకుంటే చాలు.

పొలంగట్టున ఇప్పటికే కంప ఉన్నవాళ్లు దాన్ని నరికి, కాల్చి వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు బృందం చూపిన పద్ధతి వేరు. తల్లివేరును నేలకు నాలుగైదు సెంటీమీటర్ల లోతున నరికి, పొదను తలకిందులుగా తిప్పిపెట్టి ఎండనివ్వాలి. పిట్టలు వాలే చెట్ల కింద మొలకలు మళ్లీ వస్తాయి, వాటిని వానలు పడ్డప్పుడల్లా చేత్తో పీకాలి. ఖాళీ అయిన నేలలో ఆలస్యం చేయకుండా మన మేతగడ్డి గింజ చల్లాలి.