తలెత్తి చూడని ఆకాశం

గత షాబాన్ 29వ తేదీ సాయంత్రం మగ్రిబ్ నమాజ్ ముగిశాక మక్తబ్ పిల్లలను మస్జిద్ మేడపైకి తీసుకువెళ్ళాము. "నెలవంక ఏ దిక్కున కనబడుతుంది?" అని అడిగాము. కొందరు తూర్పు చూపారు. కొందరు నడినెత్తిన వెతికారు. పదిహేనేళ్ళ బాలుడొకడు, "హజ్రత్, వాట్సప్‌లో వస్తుంది కదా!" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు. తప్పు ఆ అబ్బాయిది కాదు. ఏళ్ళ తరబడి రోజా, నమాజ్‌ల మసాయిల్ బోధిస్తూ వచ్చిన మేము, వాటి వేళలను తెలిపే ఆకాశాన్ని ఒక్కనాడూ వారికి చూపలేదు.

ప్రియ పాఠకులారా! మన ఆరాధనలు ఆకాశంతో ముడిపడి ఉన్నాయి. ఫజ్ర్‌కు తూర్పున అడ్డంగా పరచుకునే వెలుగు, అస్ర్‌కు నీడ పొడవు, ఇషాకు పడమటి సంధ్యాకాంతి అంతరించటం గుర్తులు. నెలకు నెలవంక గుర్తు. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. అందుకే మన మాసం ఒకసారి 29 రోజులకు, మరోసారి 30 రోజులకు పూర్తవుతుంది. చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది కనుకనే రంజాన్ అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. ఈ మాత్రం తెలియని పిల్లవాడికి క్యాలెండర్ గోడకు వేలాడే కాగితంగానే మిగిలిపోతుంది.

మన పూర్వీకులు ఇలా ఉండలేదు. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఉమయ్యద్ మస్జిద్‌లో నమాజ్ వేళలను నిర్ణయించే బాధ్యత ఇబ్నె షాతిర్ అనే ఖగోళ శాస్త్రవేత్తది. ఆ మస్జిద్ మినారు కోసం ఆయన 1371లో నీడగడియారాన్ని రూపొందించారు. అంత దూరం పోనక్కరలేదు. మన హైదరాబాద్‌లోనే నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫీసల్‌బండలో వేధశాలను నెలకొల్పి, 15 అంగుళాల దూరదర్శినిని సమకూర్చారు. 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. తరువాత బేగంపేటకు తరలిన ఆ నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది.

ఒక తండ్రి మాతో, "నక్షత్రాలు చూడటం జాతకాల పని కదా! మన దీన్‌లో అది నిషిద్ధం కదా!" అన్నారు. ఆయన భయం అర్థం చేసుకోదగినదే. కాని జ్యోతిషం వేరు, ఖగోళ శాస్త్రం వేరు. మొదటిది తారల్లో మనిషి అదృష్టాన్ని వెతుకుతుంది, రెండవది తారల గమనాన్ని లెక్కిస్తుంది. దైవప్రవక్త (సఅసం) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను ఖండించి, గ్రహణాలు ఎవరి చావు పుట్టుకల కోసమూ పట్టవనీ, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ తెలియజేశారు. మూఢనమ్మకానికి ఇంతకన్నా గట్టి సమాధానం ఏముంటుంది?

కనుక తల్లిదండ్రులకు మా విన్నపం. మీ ఊరిలో ఖగోళ పరిశీలన సంఘం ఉంటే పిల్లలను దానిలో చేర్పించండి. గురుగ్రహపు నాలుగు పెద్ద చంద్రులను, శని వలయాలను చిన్న దూరదర్శినిలోనే చూడవచ్చు. ఆడపిల్లలను చీకటి పడిందని ఆపకండి, తల్లో తండ్రో వెంట వెళ్ళండి. సంఘం లేని ఊరిలో నాలుగు కుటుంబాలు కలిసి నెలకొక సాయంత్రం మేడమీద కూర్చోండి. బడిలో సైన్సు చెప్పే మాస్టారిని, ఆయన ఏ మతస్థులైనా సరే, గౌరవంగా ఆహ్వానించండి.

మొదటి పాఠం పగటిపూటే చేయవచ్చు. ఏటా మే 28న మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం దాదాపు 2 గంటల 48 నిమిషాలకు, జూలై 16న దాదాపు 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు కాబా గృహానికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణంలో నిలువుగా పాతిన కర్ర నీడ ఎటు పడితే, దానికి సరిగ్గా ఎదురు దిక్కు ఖిబ్లా. పిల్లలను సూర్యుని వైపు నేరుగా చూడనివ్వకండి, నీడ చాలు.

ఆ షాబాన్ సాయంత్రం నెలవంక కనబడలేదు. చీకటి పడ్డాక నడినెత్తిన గుత్తిగా మెరిసే చుక్కలను పిల్లలకు చూపాము. "మన ఊళ్ళో పిల్లలకోడి అంటారు, పంచాంగంలో కృత్తిక, అరబీలో సురయ్యా" అని చెప్పాము. వెనక నిలబడ్డ ఒక చిన్నారి, "అది నా పేరు!" అంటూ ముందుకు వచ్చింది. ఎనిమిదేళ్ళుగా మోస్తున్న పేరును ఆ పాప మొదటిసారి కళ్ళారా చూసింది. దాని వెంటే నడిచే ఎర్రని చుక్క రోహిణి. అరబీలో దానిని దబరాన్, అంటే వెంబడించేది, అంటారు.

మరునాడు మేము పిలవకుండానే పిల్లలు మేడ ఎక్కారు. సెల్‌ఫోన్ అబ్బాయి అందరికన్నా ముందు పడమటికి వేలు చూపాడు. ఆ రోజు చంద్రదర్శనం దుఆ చదివించినది మేము కాదు, అతడే.

తన సూచనలను చూడగల కళ్ళను అల్లాహ్ మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.