మేలో పోతే గడ్డే ఉంటాది, చిన్నాయనా

కంప్యూటర్ సైన్స్ చదువుతున్నానంటే మా ఇంట్లో వాళ్ళకు అర్థమయ్యేది ఒకటే: వీడు టికెట్లు బుక్ చేస్తాడు. మార్చిలో కడప నుంచి మా చిన్నాయన ఫోన్ చేసినాడు. "అబ్బోడా, మేలో మనాలి పోదామనుకుంటున్నాం. పిల్లోల్లకు స్కీయింగ్ చేపించాల. ప్లానంతా నీదే." పిల్లోల్లంటే మా చెల్లి, తమ్ముడు. దానికి పదేళ్ళు, వాడికి ఏడు.

వద్దు అన్నాను. ఎందుకన్నానో చెప్పాలంటే ముందు ఒక నిజం ఒప్పుకోవాలి.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మేమూ కర్నూలు నుంచి మేలోనే మనాలి పోయినాం. రైల్లో ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రంతా బస్సు. మలుపులు మొదలైనప్పటి నుంచి నేను కవర్లోనే ముఖం పెట్టుకుని ఉన్నా. సోలాంగ్ లోయలో దిగితే పచ్చటి గడ్డి, గుర్రాలు. మంచు ఎక్కడో పైన కొండ మీద తెల్లగా కనిపిస్తోంది, అంతే. మరుసటి రోజు తెల్లవారకముందే లేపి రోహ్‌తాంగ్ తీసుకుపోయినారు. దారిలో అద్దె కోటు, రెండు సైజులు పెద్దవైన బూట్లు. కోటు జేబులో ఎవరిదో కర్చీఫ్ కూడా ఉంది. పైన మురికిపట్టిన మంచు మీద ఒకాయన నా కాళ్ళకు స్కీలు తగిలించి, రెండు చేతులూ పట్టుకుని ఇరవై అడుగులు లాగి, ఫోటో తీయించి, అయిపోయింది అన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఫ్రేము కట్టించి ఉంది. వచ్చినోళ్ళంతా "మీ వాడు స్కీయింగ్ కూడా చేసినాడే!" అంటారు. నేను ఏడేళ్ళుగా నవ్వుతూ ఊరుకుంటున్నా. చేసింది నేను కాదు, నన్ను లాగిన ఆయన.

అసలు మనమంతా మేలోనే ఎందుకు పోతాం? ఎండలకు, ఇస్కూలు సెలవులకు. కర్నూల్లో 44 డిగ్రీలు కాస్తుంటే మంచు గుర్తు రావడం తప్పేం కాదు. మా ఇంగ్లీష్ రీడర్లో స్నోమ్యాన్ బొమ్మ ఉండేది, ముక్కుకు క్యారెట్ పెట్టి. దాన్ని చదివేది ఫ్యాన్ తిరగని క్లాసులో. ఆశ అక్కడే పుడుతుంది. కానీ మంచుకు మన సెలవులతో పని లేదు. సోలాంగ్‌లో గానీ, ఉత్తరాఖండ్‌లోని ఔలిలో గానీ, కాశ్మీర్‌లోని గుల్మర్గ్‌లో గానీ స్కీలు వేసుకునేంత మంచు ఉండేది మామూలుగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో. మన బడులకు ఆ రోజుల్లో సెలవులు ఒక్కసారే, సంక్రాంతికి. రెండు సెట్ల ఇంటర్‌సెక్షన్ తీస్తే వచ్చే జవాబు అదొక్కటే.

మేలో ఎండాకాలం నుంచి తప్పించుకోవడానికి పోతే పోండి, దానికి నేను అడ్డు చెప్పను. స్కీయింగ్ కోసం అని పిల్లలకు చెప్పి మాత్రం తీసుకుపోవద్దు. మనాలి ఎత్తు దాదాపు 2,000 మీటర్లు, రోహ్‌తాంగ్ 3,978. ఏడేళ్ళ పిల్లోన్ని కొన్ని గంటల్లో అంత ఎత్తుకు ఎక్కిస్తే తలనొప్పి, వాంతులు వచ్చే అవకాశం ఎక్కువ. అంత కష్టం ఒక్క ఫోటో కోసమా?

నేను చిన్నాయనకు చెప్పిన ప్లాన్ వేరే. సిమ్లా తీసెయ్. కులూ శాలువల ఫ్యాక్టరీ తీసెయ్. ఒకే ఊర్లో నాలుగు రోజులు ఉండు. మొదటి రోజు ఊరికే మంచులో ఆడుకోనీ, ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడుతుంది. తర్వాత రోజూ పొద్దున రెండు గంటలు, పిల్లలకు నేర్పే టీచర్ దగ్గర. మొదట నేర్పేది జారడం కాదు, పడటం. పక్కకు పడి, స్కీలను వాలుకు అడ్డంగా పెట్టుకుని లేవడం. తర్వాత ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి ఆగడం. ఆగడం వస్తే భయం పోతుంది, భయం పోతే తక్కినదంతా వాళ్ళే నేర్చుకుంటారు. ఇరవై అడుగుల లాగుడులో ఇవేవీ రావు.

హోటల్లో మిగిల్చిన డబ్బు ఒంటి మీద పెట్టు అని కూడా చెప్పినా. జీన్స్ వద్దు, నూలు బట్టలు తడిస్తే ఆరవు, తడి ఒంటికే చలి. లోపల ఉన్ని, బయట నీళ్ళు పట్టని ప్యాంటు. గ్లౌజులు రెండు జతలు. నల్ల కళ్ళద్దాలు స్టైలుకు కాదు, మంచు మీద నుంచి ఎండ తిరిగి కళ్ళలో కొడుతుంది. బూట్లు కాలికి సరిగ్గా సరిపోయినవే తీసుకో, హెల్మెట్ లేకపోతే ఎక్కించొద్దు.

మా పిన్నమ్మ అడిగింది: "ఇదంతా పెద్దోళ్ళ ఆట కదప్పా, మన పిల్లోల్లకేం వస్తాది?" ఖర్చు మాట నిజమే. కానీ రాదు అనడమే నాకు నచ్చదు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే పల్లె నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకు 13 ఏళ్ళ 11 నెలలు. మొదటి ట్రైనింగ్ భువనగిరి బండ మీద. మంచు లేని చోట మొదలుపెట్టిందని ఎవరూ ఆపలేదు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి పోయింది ఒక్కడే, ఆరిఫ్ ఖాన్ అనే స్కీయర్. ఆయన గుల్మర్గ్ మంచులో మొదలుపెట్టింది నాలుగేళ్ళ వయసులో. అందరూ ఒలింపిక్స్‌కు పోవాలని కాదు. ఏడేళ్ళ పిల్లోడిని ఫోటోకు పెట్టే బొమ్మలా చూడొద్దు, అంతే నా గొడవ.

మనకూ బండలు తక్కువేం లేవు. అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి దగ్గరికి రాళ్ళెంబడి నడిస్తే మోకాళ్ళకు అంతకంటే మంచి ట్రైనింగ్ ఏముంది? చెల్లి అప్పుడే ఇంట్లో గోడకానుకుని కుర్చీ వేస్తోంది. మొదటి రోజు ఇరవై సెకన్లు, ఇప్పుడు నిమిషంన్నర. వాళ్ళ తమ్ముడు పక్కన కూర్చుని లెక్కపెడతాడు, మధ్యలో కావాలనే అంకెలు మింగుతాడంట.

ఇంక మిగిలింది ఒక్కటే చిక్కు. సంక్రాంతికి అందరం జమ్మలమడుగు దగ్గర మా ఊర్లో జేజి దగ్గర ఉంటాం. జేజి ఒక్కతే ఉంటుంది, ఏడాదంతా ఆ నాలుగు రోజుల కోసమే చూస్తుంది. ఆ మాట చిన్నాయన అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఒక్క ఏడాదికే కదా అన్నాను గానీ, జేజికి 78. ఒక్క ఏడాది అనే మాట ఆమెకు, నాకు ఒకటి కాదు. అయినా ఈసారికి పిల్లల వైపే ఉన్నా. కొండకు పోయేముందు ఒక వారం, వచ్చినాక ఒక వారం చిన్నాయన అక్కడే ఉండి రావాలన్నది నా కండిషన్.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. నవంబర్‌లో అలారం పెట్టుకున్నా. జేజికి మాత్రం చిన్నాయనే చెప్పాల.