దిగినంక ఇచ్చే పైసలు

విదేశీ యూనివర్సిటీ మూడు రికమండేషన్ లెటర్లు అడుగుతది. అందులో ఒకటి మా కాలేజీ సారు చేతిలో ఉండె. తనవాళ్ల పిల్లలకు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి “మీరే రాసుకోండ్రి” అన్న మనిషి, నన్ను పదకొండుసార్లు తిప్పిండు. “ఏరోస్పేస్ ఎందుకురా, మీ ఇండ్లల్ల ఇంజనీరింగు బ్యాక్‌గ్రౌండ్ లేదుగదా” అన్నడు.

లేదా? మా తాత మోట బొక్కెన కుట్టినోడు. తంగేడు చెక్కతో లందల తోలు ఊనబెట్టి, ఎద్దులు గుంజితే ఏ కుట్టు ఎంత బరువుకు తెగుతదో చేత్తో పట్టి చెప్పేటోడు. బరువు తక్కువుండాలె, నీళ్లు కారొద్దు, తెగొద్దు. విమానం రెక్క గురించి నేను నాలుగేండ్లు చదివిన లెక్క కూడా అదే: తక్కువ బరువు, ఎక్కువ బలం. మీ వరిమళ్లు మా తాత కుట్టు మీద పారినయి. దాన్ని మీరు ఇంజనీరింగు అనలేదు, అంటు అన్నరు.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాయడానికి కన్సల్టెన్సీవాడు బొమ్మ విమానాల కథ ఒకటి తయారుగా పెట్టుకున్నడు. నేను మోట గురించే రాసిన. అమెరికాల సీటొచ్చింది.

ఇగ పైసలు. జీఆర్‌ఈ, టోఫెల్ రెండు పరీక్షలకే 30 వేలు దాటినయి. 2025లో తెలంగాణల ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. అంటే మా అవ్వ నూరు దినాల పని రెండు పరీక్షలకు సరిపోలేదు.

స్కాలర్‌షిప్ కోసం ఆదాయం 5 లక్షలు మించలేదని తహశీల్దారు కాగితం కావాలె. ఐ-20 కోసం ఏడాది ఖర్చు బ్యాంకుల ఉన్నదని ఇంకో కాగితం కావాలె. ఒకే మనిషి ఒకే నెలల బీదవాడనీ, ఉన్నోడనీ రుజువు చేసుకోవాలె! అప్పు ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు తాకట్టు అడుగుతది. భూమి అమ్మి కొడుకును విమానమెక్కించిన ఊళ్లు మనకు తెల్సు. మాకున్నది అసైన్డు భూమి. 1977 చట్టం ప్రకారం అమ్మరాదు. దొరలు గుంజుకోకుండ కాపాడిన చట్టమే, కాదనను. కాని ఆ ఎకరంతో సీటు రాదు.

రాష్ట్రంల అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉన్నది, 20 లక్షలు. మొదటి వాయిదా ఎప్పుడు? అక్కడ దిగిన కాగితం చూపినంక. రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలొచ్చినంక. ఎక్కడానికి లేనోనికి దిగినంక ఇస్తరట!

ఆ పథకానికి ఎవరి పేరు పెట్టిండ్రు? 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్లు మంజూరు చేసినంకనే ఆయన కొలంబియాకు ఓడెక్కిండు. రాజు ముందిచ్చిండు. ప్రజాప్రభుత్వం వెనుక ఇస్తది.

కేంద్రం సంగతి ఇంకొకటి. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 2025లో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తరాలిచ్చింది. మిగిలినోళ్లకు నిధులుంటే చూస్తమన్నది.

తమ్ముండ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. అమెరికాల రాకెట్ కంపెనీలు ఐటార్ నిబంధన పేరుతోని విదేశీయులను మామూలుగ పనిలకు తీసుకోవు. అది తెలుసుకొనే దరఖాస్తు పెట్టుండ్రి, మానుకోకుండ్రి.

మంజూరు కాగితం ఐ-20 కంటె ముందు రావాలె. మొదటి వాయిదా టికెట్టు కంటె ముందు పడాలె. నా సీటును జనవరికి జరిపించుకున్న. బ్యాంకు పుస్తకం చూపే గడువు అక్టోబరు.