పట్టికను ఫొటో తీసి పెట్టకండి

కాస్త పొడుగ్గానే రాస్తున్నా. ముందు చదవండి, తర్వాత తిట్టండి.

ఉగాదికి మన యువ విభాగం వాళ్లు పిల్లల కోసం ఆన్‌లైన్‌లో ఒక గేమ్‌బుక్ పెట్టారు. తెలియనివాళ్లకు చెప్తా. ఇందులో కథ వరసగా నడవదు. అడవి దారి పడితే 14కి వెళ్లు, ఏటి దారి పడితే 27కి వెళ్లు అంటుంది. దొంగలు ఎదురైతే పాచిక వేసి పోరాట పట్టిక చూసుకోవాలి. అడ్డంగా పాచిక అంకె, నిలువుగా మన బలం. ఆ రెండూ కలిసే గడిలో ఎవరికెంత దెబ్బో ఉంటుంది. బెంగళూరులో పుట్టిన మన పిల్లల చేత తెలుగు చదివించడమే గగనమైన రోజుల్లో ఇది మంచి పని. చేసినవాళ్లకు దండం.

కానీ కథంతా శుభ్రంగా టైపు చేసి, ఆ పట్టికను మాత్రం జేపెగ్ బొమ్మగా అతికించారు.

మన సభ్యుల ఇళ్లల్లో ఒక ఇంట చూపు లేని పిల్లవాడున్నాడు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని వింటూ ఆట మొదలుపెట్టాడు. నేను ఆ పూట అక్కడే ఉన్నా. తొమ్మిది మలుపులు ఎవరి సాయం లేకుండా దాటాడు. దొంగల దగ్గరికి వచ్చేసరికి ఫోన్ "ఇమేజ్" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. నాలుగైదు సార్లు తాకి చూశాడు. చివరికి ఫోన్ చెల్లెలి చేతికిచ్చి, ఆ పిల్ల ఆడుతుంటే పక్కన కూర్చుని విన్నాడు. ఆట వాడిది కాకుండా పోయింది.

ఈ మాట గ్రూపులో ఎత్తితే వాదనంతా జేపెగ్ మేలా, పీఎన్‌జీ మేలా అన్న దగ్గరే తిరిగింది. దానికీ జవాబుంది. జేపెగ్ 1992లో ఫొటోల కోసం వచ్చిన పద్ధతి. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి, కంటికి పెద్దగా తెలియదనుకున్న వివరాన్ని పారేస్తుంది. మనిషి ముఖానికి అది సరిపోతుంది, అక్షరానికి సరిపోదు. వాట్సాప్‌లో పంపితే మళ్లీ కుదిస్తుంది. అప్పుడు 3 ఏదో 8 ఏదో, ధ ఏదో థ ఏదో తెలియదు. నేను తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. ఒత్తు చెరిగిపోతే ఊహించి చదివే అలవాటు నాకు లేదు. మన పిల్లల సంగతీ అంతే. 1996లో వచ్చిన పీఎన్‌జీ ఏ చుక్కనూ పారేయదు. 2001 నాటి ఎస్‌వీజీని ఎంత పెద్దది చేసినా గీత చెదరదు. కాబట్టి బొమ్మ తప్పదంటే ఆ రెండింటిలో ఒకటి పెట్టండి.

అయితే ఆ పిల్లవాడికి పీఎన్‌జీ పెట్టినా ఫోన్ చెప్పేది "ఇమేజ్" అనే. పట్టిక పట్టికగానే ఉండాలి. హెచ్‌టీఎంఎల్‌లో టేబుల్‌గా కట్టి, ఏది వరస పేరు, ఏది నిలువు వరస పేరు అని గుర్తు పెట్టాలి. అప్పుడు కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంట్రోల్, ఆల్ట్, బాణం మీటలు కలిపి నొక్కుతూ గడి గడికీ వెళ్లొచ్చు. అది "పాచిక 4, బలం 3" అని పేర్లతో సహా చదువుతుంది. ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు 2006లో మొదలుపెట్టిన పని అది.

"బొమ్మకు వివరణ రాస్తే చాలదా?" అని ఒకరు అడిగారు. ముప్పై ఆరు గడుల్ని ఒక్క గుక్కలో వినిపిస్తే ఎవరికి గుర్తుంటుంది? నేను రైల్వేలో పనిచేసినవాణ్ణి. విచారణ కిటికీ దగ్గరికి వచ్చి "బృందావన్ కాట్‌పాడికి ఎన్నింటికండీ?" అని అడిగిన మనిషికి టైంటేబుల్ మొత్తం చదివి వినిపిస్తామా? వరస మీద ఒక వేలు, స్టేషన్ మీద ఒక వేలు పెట్టి ఆ గడిలోది చెప్తాం. పట్టిక ఉన్నదే అందుకు. కళ్లున్నవాడికి ఉన్న ఆ వేలు వాడికీ ఉండాలి.

"టైపు చేస్తే అందం పోతుంది" అన్నారు ఇంకొకరు. రంగులు, గీతలు టైపు చేసిన పట్టికకూ పెట్టుకోవచ్చు. "డీటీపీ ఆయన అను ఫాంట్లలో చేశాడు, అతికిస్తే పిచ్చి గీతలొస్తున్నాయి, అందుకే బొమ్మ" అన్నారు మరొకరు. అసలు కారణం ఇదే అయ్యుంటుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఇన్నేళ్ల తర్వాత కూడా పాత ఫాంటు పేరు చెప్పి పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెడతామా?

ఇంగ్లండులో జో డీవర్ 1984లో లోన్ వుల్ఫ్ గేమ్‌బుక్‌లు మొదలుపెట్టాడు. వాటిలోనూ పోరాటమంతా ఒక పట్టిక మీదే నడుస్తుంది. వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టుకోమని 1999లో ఆయనే అనుమతిచ్చాడు. అచ్చులో పుట్టిన పుస్తకాన్ని తెరమీదికి తెచ్చేటప్పుడు పట్టిక బొమ్మ అయిందంటే అర్థం చేసుకోవచ్చు. మన పుస్తకం పుట్టిందే తెరమీద. మనకే సాకూ లేదు.

ఇక "ఒక్కడి కోసం ఇంత గొడవా?" అన్న మాట. ఇదే నాకు కష్టమనిపించింది. కల్యాణ మండపం మెట్ల పక్కన వాలుదారి కట్టేటప్పుడు చక్రాల కుర్చీలు ఎన్నని లెక్కపెట్టామా? పైగా ఒక్కడే ఎక్కడ? అరవై దాటి, శుక్లాల కళ్లతో, ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని చదివేవాళ్లం ఈ సంఘంలో ఎంతమందిమి? నిరుడు సర్వసభ్య సమావేశానికి జమాఖర్చులు కూడా మసక ఫొటోగానే పంపారు. చదవకూడదనే అలా పంపారా అని ఒక పెద్దాయన నవ్వుతూ అడిగారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

చట్టం సంగతికొస్తే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. మన చిన్న సంఘానికి నోటీసు ఎవరూ పంపరు. అందుకే ఈ పని మనంతట మనమే చేసుకోవాలి.

కార్యవర్గాన్ని మూడు అడుగుతున్నా. గేమ్‌బుక్‌లో పోరాట పట్టికను టైపు చేసి పెట్టండి. బొమ్మ కూడా ఉంచాలంటే పీఎన్‌జీగా ఉంచి, "ఇదే పట్టిక కింద అక్షరాల్లో ఉంది" అని వివరణ రాయండి. ఇకమీదట జమాఖర్చులైనా, కార్యక్రమాల పట్టికైనా ఇదే పద్ధతిలో పంపండి.

టైపు చేసే మనిషి లేడంటారేమో. ఉన్నది ముప్పై ఆరు గడులు. ఈ ఆదివారం నేనే కూర్చుని చేసిస్తా. పెట్టే ముందు మాత్రం ఆ పిల్లవాడికిచ్చి ఆడించండి. వాడు దొంగల్ని దాటితేనే మన పని అయినట్టు.