పార్సనేజీ... ఎవరిదా ఇల్లు?

గుంటూరు చుట్టుపక్కల లూథరన్ సంఘాలున్న ఊళ్లలో 'పాస్టరుగారు ఎక్కడుంటారండీ?' అని అడిగి చూడండి. 'చర్చి పక్కనే... పార్సనేజీలో' అని జవాబొస్తుంది. మిరపకాయలు కోసే అవ్వ నోటా అదే మాట, కాలేజీకెళ్లే మనవడి నోటా అదే మాట. ఇంతకీ దానర్థమేంటి?

లాటిన్‌లో 'పెర్సోనా' అంటే నాటకంలో నటుడు మొహానికి పెట్టుకునే మాస్కు. ఆ తర్వాత 'పాత్ర' అనీ, 'వ్యక్తి' అనీ అర్థాలొచ్చాయి. ఇంగ్లిషులో 'పర్సన్', 'పార్సన్' రెండూ ఆ వేరు నుంచి పుట్టినవే. కంటికి కనిపించని చర్చికి మనిషి రూపంలో ప్రతినిధి కాబట్టే మతగురువును పార్సన్ అన్నారని 18వ శతాబ్దపు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ వివరించాడు. మొదట్లో పార్సన్‌కు దక్కే హక్కులనీ ఆదాయాన్నీ 'పార్సనేజ్' అనేవారు. పోనుపోను అది ఆయన ఉండే ఇంటి పేరైంది. స్కాట్లాండులో అదే ఇల్లు 'మాన్స్'. 'ఉండటం' అనే అర్థమున్న లాటిన్ మాట దానికి మూలం. మన 'మాన్షన్' దానికి దగ్గరి చుట్టమే!

లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారు. బాప్టిస్టు మిషనరీ క్లౌ 1866లో ఒంగోలు చేరారు. మిషనరీల ఇళ్లకు జనం పెట్టుకున్న పేరు 'దొరగారి బంగళా'. బంగళా అంటే బెంగాల్ తరహా ఇల్లు. దొరలు వెళ్లిపోయినా ఆ మాట పోలేదు. కథోలికుల ఊళ్లలో 'ఫాదర్‌గారి బంగళా' అనడం ఇప్పటికీ వింటాం.

ఈ పేర్లన్నింటిలోకీ పార్సనేజీలోనే అసలు సంగతుంది. ఆ ఇల్లు మనిషిది కాదు, పాత్రది! ఊళ్లో పెళ్లి కుదిరినా, అర్ధరాత్రి ఎవరి ప్రాణం మీదికొచ్చినా ముందు తట్టేది ఆ తలుపే. తీసేవాళ్లకు మాత్రం అది సొంతిల్లు కాదు. బదిలీ అయితే సామాను సర్దుకోవాల్సిందే. పాస్టరమ్మగారు పెరట్లో నాటిన మునగ మొక్క కాయలు వచ్చేవాళ్లకి. రిటైరయ్యే నాటికి ఓ గూడు సమకూర్చుకోకపోతే, నలభై ఏళ్లు ఊరందరికీ తలుపు తీసిన మనిషి అద్దె ఇల్లు వెతుక్కోవాలి.

పాత్ర అయిపోయాక కూడా మనిషి ఉంటాడు కదా. ఆ మనిషి ఎక్కడుంటారన్నది సంఘమంతా పట్టించుకోవాల్సిన సంగతే!