పిట్ట వెనకున్న తోట

మలేసియాలోని సబా రాష్ట్రంలో, కినబటాంగన్ నది మీద తెల్లవారుజామున పడవెక్కిన ఫోటోగ్రాఫర్ ఉత్త చేతులతో వెనక్కి రావడం అరుదు. బోర్నియో దీవిలో ఉన్న ఎనిమిది రకాల హార్న్‌బిల్ పక్షులూ ఈ నది దిగువ అడవుల్లో ఉన్నాయి. అందుకే పెద్ద పెద్ద లెన్సులు పట్టుకుని దేశదేశాల వాళ్లు సుకావు గ్రామానికి వస్తారు.

పక్షులు అంత తేలిగ్గా ఎందుకు కనబడుతున్నాయో మాత్రం ఆ ఫోటోలు చెప్పవు. ఒడ్డున మిగిలిన అడవి చాలాచోట్ల సన్నటి అంచే. దాన్ని దాటితే కనుచూపు మేర పామాయిల్ తోటలు. పక్షులు ఆ అంచులోనే సర్దుకోవాల్సి వచ్చింది. 2005లో ప్రభుత్వం సుమారు 26 వేల హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించింది గానీ, అది తోటల మధ్య విడివిడిగా మిగిలిన ముక్కలే.

రైనోసరస్ హార్న్‌బిల్ సంగతే చూడండి. ఆడపక్షి పెద్ద మాను తొర్రలో దూరి ద్వారాన్ని పూడ్చేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు ఒక్కటే మిగులుతుంది. మగపక్షి మర్రి, మేడి జాతి పళ్లను గొంతులో నింపుకొచ్చి, ఒక్కొక్కటే పైకి తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. వారాల తరబడి ఇదే పని. పామాయిల్ చెట్టుకు అంతటి తొర్ర పడదు. పాతికేళ్లకు అటూ ఇటూగా దాన్ని కొట్టేసి కొత్త మొక్క నాటుతారు. చివరికి హుటాన్ అనే సంస్థ అడవి చెట్లకు గూడు పెట్టెలు కట్టాల్సి వచ్చింది. హార్న్‌బిల్స్ వాటిలో పిల్లల్ని పెంచాయి కూడా.

ఈ కథంతా ఫోటోలో పడాలి. పడటం లేదు. 600 ఎం.ఎం. లెన్స్, పక్షి వెనకున్న తోటను మెత్తటి పచ్చరంగుగా మార్చేస్తుంది. చూసేవాళ్లు దాన్ని దట్టమైన అడవి అనుకుంటారు. దగ్గరి ఫోటో ఒకటి తీస్తే, తోట కూడా కనబడేలా దూరపు ఫోటో ఒకటి తీయాలి. పత్రికలూ, పోటీలు పెట్టేవాళ్లూ రెండూ అడగాలి. గూడు ఎక్కడుందో మాత్రం బయటపెట్టకూడదు. జనం ఎగబడితే మగపక్షి మేత తేవడానికి జంకుతుంది.

మన వంటింటికీ ఈ తోటలకూ సంబంధం ఉంది. ప్రపంచంలో పామాయిల్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకునేది భారతదేశమే. ఇక్కడ గోదావరి జిల్లాల రైతులు ఎక్కువగా సాగుభూముల్లోనే ఆయిల్‌పామ్ పంట వేశారు. మిజోరంలో పరిస్థితి వేరు. జయదేవ్ మండల్, టి.ఆర్. శంకర్ రామన్ అక్కడ చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పోడు భూముల్లో కన్నా పామాయిల్ తోటల్లో అడవి పక్షులు తక్కువని తేలింది. 2021లో కేంద్రం తెచ్చిన ఆయిల్‌పామ్ మిషన్ ఈశాన్య రాష్ట్రాల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టింది. మొక్కలు నాటకముందే అక్కడి కొండలనూ పక్షులనూ ఒకే ఫ్రేమ్‌లో తీసిపెట్టాలి. నాలుగేళ్ల తర్వాత అదే చోట నిలబడి మళ్లీ తీస్తే, ఏం పోయిందో అధికారులకు చూపించడానికి ఆధారం ఉంటుంది.